కంప్యూటరుకు మూగనోము

హోసూరులోనో బళ్ళారిలోనో ఒక ఇల్లు అనుకోండి. కంప్యూటరు ఒక్కటే. చూపున్న అన్న, చూపులేని చెల్లెలు ఇద్దరూ దాన్నే వాడుకుంటారు. రాత్రి అన్న పని ముగించి, పెద్దవాళ్ళు నిద్రపోతున్నారు కదా అని ధ్వని పూర్తిగా కట్టేసి లేస్తాడు. పొద్దున్నే చెల్లెలు వచ్చి కూర్చుంటుంది. ఏ కీ నొక్కినా పలుకు లేదు. యంత్రం చెడిందా, అసలు తెరుచుకోలేదా? ఎవరో వచ్చి చూసి చెప్పాలి. అన్న చప్పుడు ఆపాననుకున్నాడు, కానీ ఆమెకు అది తెర ఆర్పేయడమే.

తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. 2006లో ఆస్ట్రేలియాలో, తానూ చూపులేనివాడైన మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దానితో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ గొంతు తెలుగూ, కన్నడమూ, తమిళమూ చదువుతుంది. కాస్త రేకుడబ్బా గొంతే, కాదనను. కొన్నాళ్ళకు చెవి అలవాటుపడుతుంది.

ఇక ఉపాయం. చెల్లెలికి ఒక యూఎస్‌బీ హెడ్‌ఫోన్ కొనండి. విండోస్ దాన్ని స్పీకరుతో కలపకుండా వేరే పరికరంగా లెక్కిస్తుంది. దాని హెచ్చుతగ్గులు, మ్యూట్ దానివే. ఎన్‌వీడీఏ నడుస్తుండగా ఇన్సర్ట్‌తో ఎన్ నొక్కి, ప్రిఫరెన్సెస్‌లో సెట్టింగ్స్ తెరవండి. కొత్త కూర్పుల్లో అక్కడ ఆడియో అనే విభాగం ఉంటుంది. అందులో అవుట్‌పుట్ డివైస్‌గా ఆ హెడ్‌ఫోన్‌ను ఎంచుకోవాలి. ఒక్క జాగ్రత్త: హెడ్‌ఫోన్ తగిలించగానే విండోస్ దాన్నే ముఖ్య పరికరంగా చేసుకోవచ్చు. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మళ్ళీ స్పీకరును ఎంచుకోండి. అప్పుడు అన్న మ్యూట్ కీ నొక్కినా స్పీకరే మూతపడుతుంది, చెల్లెలి గొంతు ఆగదు. ఆమె బ్యాంకు లెక్కలూ, స్నేహితురాలి ఉత్తరాలూ ఇల్లంతా వినే బాధా తప్పుతుంది. మాకు ఇదే పెద్ద లాభంగా తోస్తుంది.

ఇద్దరికీ విండోస్‌లో వేర్వేరు ఖాతాలుంటే మరీ మంచిది. గొంతు, వేగం ఎవరివి వారికుంటాయి. ఆమె వేగం అన్నకు అర్థమే కాదు, అది సహజం!

అన్న పాట వింటుంటే ధ్వని ఉన్నట్టుండి తగ్గి మళ్ళీ పెరుగుతోందా? పాట చెడలేదు. ఎన్‌వీడీఏ మాట్లాడేటప్పుడు మిగతా ధ్వనులను తగ్గించే ఏర్పాటు ఎంచుకుని ఉంటారు. ఇన్సర్ట్, షిఫ్ట్, డీ కలిపి నొక్కితే అది మారుతుంది. చదువుడు వద్దనుకుంటే కంప్యూటరు ధ్వని కట్టేయనక్కరలేదు, ఇన్సర్ట్‌తో ఎస్ చాలు. మాట తిరిగి వచ్చేదాకా అదే నొక్కుతూ పోవచ్చు. ఎన్‌వీడీఏనే మూసేసి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎన్. ఈ మూడు కీలూ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ముఖ్యంగా అన్నకు.