కళింగ పేరు గల సముద్రపు నత్త

నత్త అనగానే వీపున గుల్ల మోసుకొని మెల్లగా పాకే ప్రాణి మనకు గుర్తు వస్తుంది. కాని సముద్రంలో గుల్ల లేని నత్తలు కూడా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాని శాస్త్రీయ నామం ‘కళింగ ఆర్నేటా’. ‘ఆర్నేటా’ అంటే లాటిన్ భాషలో ‘అలంకరించబడినది’ అని అర్థం. ‘కళింగ’ అనే మాట మాత్రం మన తూర్పు తీరానిది.

ఆ పేరు దానికి ఎలా వచ్చింది? ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాలను మీలో కొందరు చూసి ఉంటారు. 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించిన అధికారి వాల్టర్ ఇలియట్. ఆయనకు ప్రాచీన శిల్పాల మీద ఎంత ఆసక్తి ఉండేదో, చెట్ల మీద, జంతువుల మీద కూడా అంతే ఆసక్తి ఉండేది. ఉత్తర సర్కారుల కమిషనరుగా వాల్తేరులో ఉన్న కాలంలో ఆయన అక్కడి సముద్రంలోని గుల్ల లేని నత్తలను సేకరించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి రంగుల బొమ్మలు వేయించాడు. ఇంగ్లండులోని ఆల్డర్, హాంకాక్ అనే శాస్త్రజ్ఞులు వాటిని పరిశీలించి, 1864లో ఈ నత్తను లోకానికి తెలియజేశారు. వాల్తేరు ప్రాంతం పూర్వం కళింగ దేశంలోనిది. ఆ పేరే దీనికి స్థిరపడింది.

ఇది సుమారు 13 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. తెల్లని మెత్తని దేహం నిండా ఎర్రని బుడిపెలు ఉంటాయి. వీపు మీద మొప్పలు పువ్వులా విచ్చుకొని ఉంటాయి. తలపై ఉన్న రెండు కొమ్ములు వాసన పసిగడతాయి. సన్నని అయిదు చేతులతో, నక్షత్ర చేపను పోలి ఉండే ఒక సముద్ర ప్రాణి దీనికి ఆహారం. ఈ కుటుంబపు నత్తలలో ప్రతి ప్రాణి ఆడదీ, మగదీ కూడా. గుడ్డు నుండి వెలువడిన పిల్లకు చిన్న గుల్ల ఉంటుంది. పెరిగే కొద్దీ అది ఊడిపోతుంది.

చూలై నుండి కొద్ది దూరం వెళితే కాశిమేడు రేవు వస్తుంది. సముద్రపు అడుగును ఈడ్చే పెద్ద వలలలో చేపలతో పాటు ఇటువంటి ప్రాణులు ఎన్నో పైకి వస్తాయి. సంతలో వాటికి ధర లేదు. అందుచేత వాటిని ఏరి పారవేస్తారు. ధర లేనిదంతా విలువ లేనిది కాదు. ఒకరు ఆగి చూడబట్టే ఈ నత్తకు పేరు వచ్చింది. నేడు జపానులో కనిపించినా, ఆస్ట్రేలియాలో కనిపించినా అక్కడి శాస్త్రజ్ఞులు దీనిని ‘కళింగ’ అనే పిలుస్తారు. తీరం మారినా పేరు మారలేదు.