శిష్యుని ప్రశ్నకు మర్నాటికల్లా జవాబు

విశాఖపట్నం: గైడు గది ముందు బెంచీ మీద, ఒళ్లో థీసిస్ అధ్యాయం పెట్టుకుని ఎదురుచూసే పరిశోధక విద్యార్థి ఏ విశ్వవిద్యాలయంలోనైనా కనిపిస్తాడు. "సార్ మీటింగులో ఉన్నారు", "సార్ ఢిల్లీ వెళ్లారు" అనే అటెండరు మాటలు అతనికి అలవాటే. అధ్యాయం ఇచ్చి రెండు నెలలైనా అందులో ఒక్క పేజీ తిరిగి ఉండదు. ఇంటికి వెళితే "ఇంకా ఎన్నాళ్లురా ఈ చదువు?" అని తండ్రి అడుగుతాడు.

గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని చేర్చుకోరాదు. ఈ లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. అయితే ఆ నలుగురి మాటనో ఎనిమిది మంది మాటనో గైడు ఎంత శ్రద్ధగా వినాలన్నది నిబంధనలకు అందే సంగతి కాదు.

విశాఖ వాసులకు ఈ విషయంలో దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. గణాంకశాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఇక్కడి ఏవీఎన్ కళాశాలలోనూ, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివారు. 1940లో గణితంలో ఎం.ఏ. ముగించి, అక్కడే పరిశోధన చేయాలనుకున్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆలస్యంగా అందిందని తిరస్కరించారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన రావు, 1941 జనవరిలో మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

రెండేళ్లు తిరిగేసరికి రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అప్పటికి ఆయన వయస్సు 23 ఏళ్లు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్లు, కొద్ది సమాచారంతో మొత్తం సంగతి అంచనా కట్టడం గణాంకశాస్త్రం పని. ఆ అంచనాలో తప్పు ఎంతవరకు తగ్గగలదో, సమాచారం చాలా పెద్దదైన సందర్భానికి బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఫిషర్ చెప్పిన ఫలితాన్ని రావు తరగతిలో వివరించారు. దాండేకర్ అనే విద్యార్థి లేచి, "సమాచారం కొద్దిగా ఉన్నప్పుడు కూడా ఇలాంటి హద్దు ఉంటుందా?" అని అడిగాడు. రావుకు జవాబు తెలియదు. సిలబసులో లేదని కూర్చోబెట్టవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. ఇంటికి వెళ్లి రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు తరగతిలో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు క్రామర్-రావు అసమానతగా పాఠ్యగ్రంథాలన్నిటా ఉంది. ఈ కథను తర్వాత చెప్పినవారు రావుగారే. ప్రశ్న విద్యార్థిదేనని ఆయన దాచుకోలేదు.

కేంబ్రిడ్జిలో రావుకు గైడు ఆ ఫిషరే. పగలు మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు, మిగతా వేళ ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకలు. 1948లో డాక్టరేట్ వచ్చింది.

కలకత్తాలో తన వద్ద చేరిన వారికి రావు ఇచ్చింది ముఖ్యంగా స్వేచ్ఛ. వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్ తమలో తాము సెమినార్లు పెట్టుకుని, ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. పరిశ్రమల గణాంకాల వైపు వెళదామని 1959లో వచ్చిన వరదన్‌ను సంభావ్యతా సిద్ధాంతం వైపు మళ్లించినవారు ఈ సీనియర్లే. గైడు అడ్డురాలేదు. సోవియట్ గణితవేత్త కొల్మొగొరోవ్ కలకత్తా వచ్చినప్పుడు మాత్రం వరదన్ పరిశోధనను ఆయన స్వయంగా వినేట్లు రావు ఏర్పాటు చేశారు. శిష్యుని పనిని దానికి తగినవారి ముందు పెట్టడం ఒక్క గైడు మాత్రమే చేయగలిగిన సాయం. వరదన్‌కు 2007లో ఏబెల్ బహుమతి లభించింది.

స్వేచ్ఛ అంటే గాలికి వదిలేయడం అనుకునే గైడులూ లేకపోలేదు. వారికో గంట విద్యార్థికే కేటాయించడం, అధ్యాయం తీసుకున్న రోజే తిరిగి ఇచ్చే తేదీ చెప్పడం, పత్రంలో ఎవరి పేరు ముందో పని మొదట్లోనే తేల్చుకోవడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గైడు ఇంటి కరెంటు బిల్లు కట్టి రావడం పరిశోధనలో భాగం కాదని వేరే చెప్పనక్కరలేదు.

పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్‌గా చేరినవారి ఇబ్బంది మరోరకం. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. చేరిన మొదటి నెలలోనే తర్వాత ఎక్కడికి అన్న మాట గైడు ఎత్తకపోతే, ఆ పిల్లవాడు తనంతట తాను ఎత్తలేడు. దరఖాస్తు వెంట గైడు సిఫారసు ఉత్తరం గడువులోగా వెళ్లాలి. ఉత్తరం ఆలస్యమైతే నష్టపోయేది విద్యార్థి. ఫలానా రోజున పంపుతానని చెప్పిన గైడు ఆ తేదీని తన డైరీలోనే రాసుకోవాలి.