వేరు ఇచ్చే కూలి

నలభై, యాభై రోజుల కందిమొక్కను ఒకదాన్ని లేపి చూడండి. చేత్తో లాగకూడదు. పారతో మట్టిపెళ్లతో సహా లేపి, నీళ్లలో ముంచి కడగాలి. లాగితే అసలు సరుకు మట్టిలోనే ఊడిపోతుంది. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉందంటే అక్కడ పని జరుగుతున్నట్టు. పచ్చగానో తెల్లగానో ఉంటే పని లేనట్టే.

ఆ పని చేసేది రైజోబియం అనే సూక్ష్మజీవి. పప్పుజాతి మొక్కలు ఈ బుడిపెల వల్లే గాలిలోని నత్రజనిని వాడుకోగలుగుతున్నాయని 1880లలోనే జర్మన్ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ తేల్చారు. ఇంతవరకు మన బడిపిల్లలకూ తెలుసు. అంత మట్టిలో ఆ జీవి కంది వేరునే ఎలా వెతుక్కుంటూ వస్తుందన్నది మనం పట్టించుకోని సంగతి. వేరు దాన్ని పిలుస్తుంది. పిలిచి, పని చేయించుకుని, కూలి కూడా ఇస్తుంది.

ఆకు ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత వేళ్లలోకి దిగి, అక్కడినుంచి మట్టిలోకి ఊరుతుంది. దాంతోపాటు ఆమ్లాలు, జిగురు కూడా ఊరతాయి. అందుకే వేరును అంటుకున్న పలచని మట్టిపొరలో సూక్ష్మజీవులు సాళ్ల మధ్య మట్టిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1904లో హిల్ట్‌నర్ ఆ పొరకు రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. కంది వేరు ఊర్చేవాటిలో ఫ్లేవనాయిడ్లనే పదార్థాలు రైజోబియానికి కబురు. కబురందుకున్న జీవి తన ఆనవాలుగా మరో పదార్థం వదులుతుంది. ఆనవాలు సరిపోతే వేరు మీది నూగు ముడుచుకుని దాన్ని లోపలికి రానిస్తుంది. మేస్త్రీ ముక్కూమొహం తెలియనివాణ్ణి ముఠాలో చేర్చుకోడు కదా, అలాగే.

ఇదేమీ ధర్మసత్రం కాదు. చేలో యూరియా దండిగా పడితే మొక్క బుడిపెలు తగ్గించుకుంటుంది. నత్రజని ఊరికే దొరుకుతుంటే చక్కెర ఖర్చెందుకు? ఆసామి లెక్కే అనుకోండి.

జొన్న దగ్గర ఇంకో చిత్రం ఉంది. భాస్వరం చాలని నేలలో జొన్న వేరు స్ట్రిగోలాక్టోన్లనే పదార్థాలను ఎక్కువగా ఊరుస్తుంది. వేరుతో కలిసి బతుకుతూ దూరంనుంచి భాస్వరం మోసుకొచ్చే బూజుకు అది పిలుపు. ఈ సంగతిని 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అయితే ఆ పిలుపు దొంగకూ వినిపిస్తుంది. జొన్నచేలో మనవాళ్లు నడుం విరిగేలా పీకే మల్లె ఉంది చూశారా, దాని గింజ మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉండి, ఈ వాసనకే మొలిచి జొన్న వేరును పట్టుకుంటుంది. మల్లె సారం లేని నేలల్లోనే ఎక్కువని పీకే ఆడకూలీలు ఎప్పుడో కనిపెట్టారు. కారణం ఇదీ.

ఎర్రనేలల్లో ఇనుముతో బిగిసిపోయిన భాస్వరాన్ని కంది వేరు తన ఆమ్లంతో విడిపిస్తుందని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞులు 1990లో ప్రచురించారు. ఆ పని జొన్నకు చేతకాదు. కంది రాల్చిన ఆకు, మట్టిలో మిగిలిన వేరు కుళ్లితే ఆ బలం తర్వాతి పైరుకు అందుతుంది. జొన్నలో కంది సాళ్లు వేసిన పెద్దలకు ఈ పేర్లు తెలియవు గానీ, పని తెలుసు.

ఇదంతా మేము మీటింగుల్లో చెబితే కౌలురైతులు ఒక్కటే అడుగుతారు: "కంది వేస్తే నేల బాగుపడేది ఎవరికయ్యా?" న్యాయమైన ప్రశ్న. ఈ ఏడు కంది వేసినవాడికి వచ్చే ఏడు అదే చేను దక్కుతుందన్న నమ్మకం లేదు. నేల బాగుపడితే ఆసామి కౌలు పెంచుతాడు, లేదా ఇంకొకరికి ఇస్తాడు. యూరియా బస్తా అయితే వేసిన పంటలోనే ఫలితం చూపిస్తుంది. అందుకే కౌలుదారు బస్తా వైపు పోతాడు. "రైతుకు తెలివి లేదు, ఎరువు గుమ్మరిస్తున్నాడు" అనే ఆఫీసర్లు ఈ లెక్క వేయరు.

1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుకు ఆరేళ్ల గడువు రాసింది. అది అమలైన ఊరు మాకు కనిపించలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఒప్పందాన్ని 11 నెలలకు కుదించింది. ఒక్క కందే ఆరు నెలల దాకా చేలో ఉంటుంది. దాని ఆకూ వేరూ కుళ్లి బలం అందే వేళకు కాగితం గడువు తీరిపోతుంది. కనీసం మూడేళ్ల కౌలు కాగితం కావాలని మనం అడగాల్సింది ఇందుకే.