తెర బాగానే ఉంది, డ్రైవరే ఎక్కలేదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు వైపు పిల్లల చదువుకని మిరప, పత్తి డబ్బుతో కొన్న పాత లాప్‌టాప్‌లలో ఎన్నో ఈ లెక్కలో నిలవవు. అలాగని వాటిని మూలన పడేయక్కర్లేదు. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ పైసా ఖర్చు లేకుండా ఇంకొన్నేళ్లు నడిపిస్తుంది. తెలుగు మెనూలతో స్వేచ్ఛ సంస్థ ఒక లినక్స్‌నే తయారుచేసింది. చిక్కల్లా, ఎక్కించగానే కొన్ని లాప్‌టాప్‌లలో అక్షరాలు ఉబ్బి, మసకబారి కనిపించడం. స్క్రీన్ పోయిందనో, లినక్స్ పనికిరాదనో అప్పుడే తేల్చేయడం తొందరపాటు. చాలాసార్లు తెర బాగానే ఉంటుంది, దాన్ని నడిపించే గ్రాఫిక్స్ డ్రైవరే పనిలోకి దిగదు. ఆ సంగతి చూడకుండా చేసే ఏ మరమ్మతూ నిలవదు.

లాప్‌టాప్ తెర మీద ఎన్ని చుక్కలుండాలో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. పాతవాటిలో తరచుగా కనిపించేది అడ్డంగా 1366, నిలువుగా 768. దానికి 1024 వెడల్పు బొమ్మ పంపితే మూడు చుక్కల సమాచారాన్ని నాలుగు చుక్కల మీదికి సాగదీయాల్సి వస్తుంది, అంచులు కరిగిపోతాయి. ఇంగ్లిషు అక్షరం ఈ దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది. తెలుగు ఓర్చుకోలేదు. దకూ ధకూ తేడా అడుగున చిన్న గీత, ధకూ థకూ తేడా నడుమ ఒక చుక్క, ‘ష్ట్ర’లో ఒత్తు మీద ఒత్తు. భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్ తెరిచి పేరు సరిచూసుకునే రైతుకు ఆ గీతే ముఖ్యం. పెద్దవాళ్లకు అక్షరాలు పెద్దగా ఉంటేనే మేలు కదా అంటారు. నిజమే, కానీ అందుకు రిజల్యూషన్ తగ్గించకూడదు. దాన్ని పూర్తిగా ఉంచి స్కేలింగో, అక్షరాల సైజో పెంచాలి.

ప్రతి తెరా తన కొలతలను ఈడీఐడీ అనే చిన్న చీటీలో రాసి పెట్టుకుంటుంది. అసలు చీటీ 128 బైట్లే. డ్రైవర్ దాన్ని చదివి సరైన కొలత ఎంచుకుంటుంది. డ్రైవర్ ఎక్కకపోతే, కోల్డ్ స్టోరేజీలో మార్కు చెరిగిపోయిన మిర్చి టిక్కీలా, సరుకు మంచిదైనా వివరం తెలియదు. లినక్స్ గుండెకాయైన కెర్నెల్ 1024 లాంటి ఏదో ఒక కొలతతో సరిపెడుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే ‘సేఫ్ గ్రాఫిక్స్’ ఎంచుకుంటాం. అది కెర్నెల్‌కు ‘నోమోడ్‌సెట్’ అనే మాట చేరుస్తుంది, అంటే డ్రైవర్‌ను పక్కన పెట్టమని. ఆ మాట తరవాత కూడా లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ సెట్టింగ్‌లలో మిగిలిపోతే మసక పోదు. దాన్ని తీసేసి అప్‌డేట్-గ్రబ్ నడిపి రీస్టార్ట్ చేయాలి. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ దగ్గర ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే అసలు డ్రైవర్ పనిచేయడం లేదన్నమాట. ఎన్విడియా కార్డయితే ‘అడిషనల్ డ్రైవర్స్’లోంచి డ్రైవర్ తెచ్చుకోవాలి, సెక్యూర్ బూట్ దాన్ని ఆపుతోందేమో కూడా చూడాలి. ఇవేవీ చూడకుండా ఎక్స్‌రాండ్‌ఆర్ ఆదేశాలతో కొలతను బలవంతంగా రుద్దడం నాకు నచ్చని పద్ధతి. కొలత లెక్కగట్టే సీవీటీ వెడల్పును ఎనిమిది గుణిజంగా మార్చుతుంది కాబట్టి 1366 అడిగితే 1368 ఇస్తుంది. కొత్త డిస్‌ప్లే పద్ధతి వేలాండ్ మీదైతే ఎక్స్‌రాండ్‌ఆర్ అసలు తెరను కదపనే లేదు.

విండోస్‌లో ఈ తంటాలు లేవు కదా అనే అభ్యంతరం సబబుగానే తోస్తుంది. నిజానికి కొత్తగా ఎక్కించిన విండోస్ కూడా డ్రైవర్ దొరికేదాకా ‘బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ పేరుతో ఇలాగే మసకగా చూపించవచ్చు. దుకాణంలో కొన్నప్పుడు ఆ పని కంపెనీ ముందే చేసి ఉంటుంది, అంతే. అయినా ఆదేశాలంటే జంకేవాళ్లకు నా సలహా, ముందు పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెర సొంత కొలత కనిపిస్తేనే ఎక్కించండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవకముందే, బయోస్ తెర మీదే గీతలు పడుతున్నాయంటే మాత్రం లోపం కేబుల్‌దో, ప్యానెల్‌దో, గ్రాఫిక్స్ చిప్పుదో. అప్పుడు మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.