కడుపుపై చార: ఒక హెచ్చరిక

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారి చాలా మేర అడవుల గుండా సాగుతుంది. ఇటువంటి దారిలో కారు చెట్టును ఢీకొన్నా ప్రయాణికులు ప్రాణాలతో బయటపడితే, సీటు బెల్టు కాపాడిందని సంతోషిస్తాం. ఆ సంతోషం న్యాయమైనదే. కాని బెల్టు ఒరిసిన చోట కడుపుపై అడ్డంగా కమిలిన చార కనిపిస్తే, దానిని కేవలం చర్మగాయమని తలచి ఇంటికి వెళ్ళిపోరాదు. అది ఎందుకో సంగ్రహంగా వివరించడమే మా ఉద్దేశం.

నడుము బెల్టు నిలవవలసిన చోటు తుంటి ఎముకలు. అది వదులై పొట్టమీదికి జారితే, వాహనం హఠాత్తుగా ఆగినప్పుడు ప్రేవులు బెల్టుకూ వెన్నెముకకూ నడుమ నలిగిపోతాయి. ప్రేవు చిట్లవచ్చు, ప్రేవులను పట్టి ఉంచే పొర చిరగవచ్చు, నడుములోని వెన్నుపూస అడ్డంగా విరగవచ్చు. అమెరికాలో గారెట్, బ్రాన్‌స్టీన్ అనే పరిశోధకులు 1962లోనే ఈ గాయాల సముదాయాన్ని ‘సీటు బెల్టు సిండ్రోమ్’ అని పేర్కొన్నారు.

వీటిని గుర్తించడంలో అసలు చిక్కు ఆలస్యం. కాలేయమో ప్లీహమో తీవ్రంగా చీలితే రక్తస్రావం వల్ల నాడి వేగం పెరిగి, రక్తపోటు పడిపోయి, అపాయం త్వరగానే బయటపడుతుంది. చిట్లిన ప్రేవు నివురుగప్పిన నిప్పు వంటిది. తొలి గంటల్లో నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. తరువాత పొట్ట బిగుసుకొని, వాంతులు, జ్వరం మొదలవుతాయి. అల్ట్రాసౌండ్ పరీక్ష కడుపులో చేరిన రక్తాన్ని చూపగలదు గాని, ప్రేవులోని చిన్న రంధ్రాన్ని చూపలేకపోవచ్చు. సి.టి. స్కాన్ అంతకంటే మేలైనది. అయినా తొలిదశలో అదీ పొరబడవచ్చు. అందుకే చార కనిపించిన రోగిని ఆసుపత్రిలోనే ఉంచి, పొట్టను చేతితో తాకి పదేపదే పరీక్షిస్తారు.

అడవి పల్లెలకు ఆసుపత్రి దూరం. నొప్పి ముదిరిన తరువాత అర్ధరాత్రి బయలుదేరడం కన్న, చార కనిపించిన వెంటనే బయలుదేరడం వివేకం. రోగికి అన్నపానీయాలు ఇవ్వరాదు. నొప్పి మాత్ర మింగించి పడుకోబెట్టరాదు. నడుము నొప్పి ఉంటే వంచకుండా, కదపకుండా తీసుకుపోవాలి. బెల్టు ధరించిన సంగతిని, చారను వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇంతమాత్రాన బెల్టును విడనాడరాదు. బెల్టు లేనినాడు ఈ చార ఉండకపోవచ్చు. మనిషి కూడా ఉండకపోవచ్చు. తుంటిపై బిగువుగా, గర్భిణులైతే పొట్టకు దిగువగా ధరించాలి. విద్యార్థులు ఈ విషయాన్ని తమ ఇండ్లలో చెప్పగలిగితే మా శ్రమ ఫలించినట్లే.