మార్కులు మారకపు డబ్బులు కావు

గత ఆదివారము హనుమాన్ జంక్షన్‌లో ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరుడు తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చారు. "అయ్యగారూ, వీడికి అమెరికా చదువు అందదట. 3 పాయింట్లు కావాలట. వీడికి 2.7 మాత్రమే వచ్చిందట" అన్నారు. కాలువ క్రింది అరెకరము అమ్మియైనా పంపాలని నిశ్చయించుకొన్న తండ్రి ఆయన. కుమారుడు తల ఎత్తలేదు.

మేము మార్కుల జాబితా తెప్పించి చూచాము. కాకినాడ జె.ఎన్.టి.యు. 2016 నిబంధనల క్రింద ఇంజనీరింగు, 10కి 7.5 పాయింట్లు. "మరి ఈ 2.7 ఎక్కడిది బాబూ?" అని అడిగాము. 7.5ను శాతముగా మార్చితే 67.5 అట, అమెరికాలో అత్యధికము 4 గనుక దానిని 25తో భాగించాడట. భాగహారములో తప్పు లేదు. అసలు భాగించడమే తప్పు.

ప్రియ పాఠకులారా, అధ్యాపకులను అడిగి మేము గ్రహించిన సంగతి ఇది. మార్కు అంటే రూపాయివలె మార్చుకొనే నాణెము కాదు. ఆ దేశపు తరగతిలో విద్యార్థి ఎక్కడ నిలిచాడో చెప్పే గుర్తు. మన విశ్వవిద్యాలయాల్లో 60 శాతము ప్రథమ శ్రేణి, 70 డిస్టింక్షన్. ఇంగ్లండులో 70 దాటితేనే ప్రథమ శ్రేణి. అమెరికాలో సాధారణముగా 90 దాటితే 'ఏ', 60 కంటె తగ్గితే తప్పినట్టే. అక్కడి 67తో ఇక్కడి 67ను ఎట్లు సమానము చేయగలము?

అంతదూరము పోనక్కరలేదు. ఇంటిలోనే చూడండి. అదే 7.5 కాకినాడ 2016 నిబంధనల ప్రకారము 0.75 తీసివేసి పదితో హెచ్చించగా 67.5 శాతము. హైదరాబాదు జె.ఎన్.టి.యు. 2018 నిబంధనల ప్రకారము 0.5 మాత్రమే తీసివేస్తారు గనుక 70. సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో గ్రేడులు ఉన్న కాలములో 9.5తో హెచ్చించేవారు, అప్పుడు 71.25. ఒకే అంకె, మూడు శాతములు!

జర్మనీ మరీ విచిత్రము. అక్కడ 1 అత్యుత్తమము, 4 కనీస ఉత్తీర్ణత. అంకె తగ్గినకొద్దీ గొప్ప. గరిష్ఠ మార్కులోనుండి మన మార్కు తీసివేసి, వచ్చినదానిని గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలుపుతారు. గరిష్ఠము 10, కనీసము 5 అయితే మన 7.5 అక్కడ 2.5. ఆ అంకె చూచి ఏ తల్లి అయినా కన్నీరు పెట్టుకొంటే ఎంత పొరపాటు!

మరి ఏమి చేయాలి? దరఖాస్తులో "మీ స్కేలులోనే వ్రాయండి" అని ఉంటే 10కి 7.5 అనే వ్రాయాలి. శాతము అడిగితే తాను చదివిన సంవత్సరపు నిబంధనల సూత్రమే వాడి, ఆ కాగితమును జతచేయాలి. నాలుగు పాయింట్ల లెక్క అడిగితే మూల్యాంకన సంస్థకు పంపాలి. వారు మొత్తము శాతమును భాగించరు. ఒక్కొక్క సబ్జెక్టు గ్రేడును అక్కడి గ్రేడుగా మార్చి, క్రెడిట్లతో హెచ్చించి సగటు తీస్తారు. మన ప్రథమ శ్రేణి మార్కును వారు 'ఏ'గా గుర్తించడము కద్దు.

విజయవాడలో ఒక ఏజెంటు "కొంచెము పెంచి వ్రాయండి, ఎవరు చూస్తారు?" అన్నాడట. మూల్యాంకన సంస్థలు ట్రాన్‌స్క్రిప్టును నేరుగా విశ్వవిద్యాలయము నుండే తెప్పించుకోవచ్చును. పెంచినది బయటపడితే సీటుతోబాటు మంచి పేరూ పోతుంది. ఈ కుర్రవాడు తెలియక తగ్గించుకొన్నాడు. ఏజెంటు తెలిసి పెంచమన్నాడు. రెండూ సత్యము కాదు.

కుర్రవాడు ఇప్పుడు ట్రాన్‌స్క్రిప్టు కొరకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఫలితము ఇంకా రాలేదు. వచ్చేవరకు పొలము బేరము పెట్టనని తండ్రి మాట ఇచ్చారు. తలిదండ్రులారా, మీ బిడ్డల అంకె చూచి దిగులుపడకముందు, అది ఎవరి కొలతలో కొలిచిన అంకెయో ఒక్కసారి అడగండి.