కంటికి కనిపించని శుభ్రత: క్లీన్‌రూమ్ పదాల అర్థం ఇదీ

నోటి ద్వారా వెళ్లే సూక్ష్మజీవులను జీర్ణాశయంలోని ఆమ్లం చాలావరకు అడ్డుకుంటుంది. రక్తనాళంలోకి ఎక్కించే మందుకు ఆ రక్షణ లేదు. అందుకే ఇంజెక్షన్లు, సెలైన్ వంటి వాటి తయారీలో శుభ్రతను కంటితో చూసి కాక, కొలిచి నిర్ధారిస్తారు. ఇందుకోసం ప్రత్యేకంగా నిర్మించే గదే క్లీన్‌రూమ్. హైదరాబాద్ పరిసరాల్లోని ఔషధ పరిశ్రమల్లో నిత్యం వినిపించే ఈ పరిభాషలో ప్రతి పదం ఒక రక్షణ ఏర్పాటును సూచిస్తుంది.

గ్రేడ్: గాలిలోని కణాల సంఖ్యను బట్టి గదులకు ఏ, బి, సి, డి శ్రేణులు ఇస్తారు. సీసాల్లో మందు నింపే చోటు గ్రేడ్ ఏ. అక్కడ ఒక ఘనపు మీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన పరిమాణం గల కణాలు 3,520 దాటరాదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

హెపా ఫిల్టర్: 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 99.97 శాతాన్ని పట్టి ఉంచే వడపోత సాధనం.

పీడన వ్యత్యాసం: ఎక్కువ శుభ్రమైన గదిలో గాలి పీడనాన్ని కొద్దిగా ఎక్కువగా ఉంచుతారు. తలుపు తెరిచినప్పుడు గాలి బయటకు వెళ్తుందే తప్ప లోపలికి రాదు.

ఎయిర్‌లాక్: రెండు గదుల మధ్య ఉండే చిన్న గది. దీని రెండు తలుపులు ఒకేసారి తెరుచుకోవు.

గౌనింగ్: క్లీన్‌రూమ్‌లో కాలుష్యానికి ప్రధాన మూలం మనిషే. చర్మం నుంచి కణాలు నిరంతరం రాలుతుంటాయి. అందువల్ల సిబ్బంది నిర్ణీత క్రమంలో ప్రత్యేక దుస్తులు ధరించాలి.

స్టెరైల్, పైరోజన్: స్టెరైల్ అంటే సజీవ సూక్ష్మజీవులు లేని స్థితి. అయితే చనిపోయిన కొన్ని బ్యాక్టీరియాల అవశేషాలు కూడా జ్వరం తెప్పించగలవు. వీటిని పైరోజన్లు అంటారు. మరిగించినా ఇవి పూర్తిగా పోవు. అందుకే గాజు సీసాలను సుమారు 250 డిగ్రీల సెల్సియస్ పొడి వేడిలో నిర్ణీత సమయం ఉంచుతారు.

వాలిడేషన్: స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు పడుతుంది. పరీక్షించిన సీసా మళ్లీ పనికిరాదు. కనుక ఒక బ్యాచ్‌లో కొన్నింటినే పరీక్షించగలరు. మిగిలిన వేల సీసాలకు భరోసా తయారీ విధానమే. ఆ విధానం ప్రతిసారీ ఒకే ఫలితం ఇస్తుందని ఆధారాలతో నిరూపించడమే వాలిడేషన్.

దేశంలో ఔషధ తయారీ ప్రమాణాలను ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ఎం నిర్దేశిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో దీనిని సవరించింది. రోగి సీసాను చూసి అందులోని మందు సురక్షితమో కాదో చెప్పలేరు. ఆ నమ్మకం నిలిచేది ఈ నియమాలు ప్రతి బ్యాచ్‌లోనూ అమలైనప్పుడే.